గుంజకి కట్టకూడని తాడు

పదిహేడో భాగం

పోయిన వారం అతుకుల పిల్లని రేవు మెట్ల దగ్గర, చేతిలో చెప్పులతో, ఒక కాలు రాయి మీదా ఒక కాలు పడవలోనూ పెట్టించి వదిలేశాం. పాపం, వారం రోజులుగా అలాగే నిలబడి ఉంది. ముందు ఆమెని కూర్చోబెడదాం.

కొత్తగా వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. రబ్బరు సూట్లకీ, వానకోట్లకీ, టార్పాలిన్లకీ అతుకులు వేసే పని కాబట్టి రేవులో అందరూ ఆమెని అతుకుల పిల్ల అంటారు. పదకొండు నెలల కిందట ఒక సాయంత్రం ఆమె ఎక్కిన లాంచీ రేవు దాకా వచ్చి, ఇంకో పది గజాలుందనగా ఒక పక్కకి ఒరిగి మునిగిపోయింది. పోవాల్సిన ప్రాణాన్ని గజఈతగాడు పైకి తెచ్చాడు. అతను ఆమెని రెండు చేతుల మీదా ఎత్తుకుని మెట్లెక్కుతున్న ఫోటో పేపర్లో పడింది. రేవు ఆఫీసు గోడ మీద ఇప్పటికీ వేలాడుతోంది. ఆ ఫోటోలోంచే స్నేహం, స్నేహంలోంచే పెళ్లి మాట పుట్టాయి. పెళ్లి ఇంకా పన్నెండు రోజులు. అతనికి ఉన్నది ఒక్క అక్క. తమ్ముడు నీళ్లలోకి దిగితే, అతని నడుముకి కట్టిన తాడు పట్టుకుని పైన పడవలో కూర్చునేది ఆమే. ఇరవై రెండేళ్లుగా ఆ తాడు ఇంకో చేతిలోకి పోలేదు. అలాంటి మనిషి మొన్న అతుకుల పిల్లని పిలిచి, ఎల్లుండి పొద్దున్నే వస్తే తాడు పట్టడం నేర్పిస్తానంది. ఎందుకో చెప్పలేదు. తమ్ముడికి తెలియకూడదని మాత్రం రెండుసార్లు చెప్పింది.

అదీ సంగతి. ఇక పడవ దగ్గరికి పోదాం.

పొద్దున ఏడు కూడా కాలేదు. నీళ్ల మీద పొగమంచు ఇంకా లేవలేదు. అవతలి ఒడ్డు లేదు, రేవు ఆఫీసు లేదు, నీళ్లు ఎక్కడ అయిపోయి ఆకాశం ఎక్కడ మొదలవుతోందో తెలియదు. ఉన్నదల్లా ఒక పడవ, పడవలో అక్క, అక్క చేతుల్లోంచి నీళ్లలోకి జారుతున్న తెల్లటి తాడు. తమ్ముడు అప్పటికే దిగిపోయాడు. రేవు వంతెన మూడో స్తంభానికి పట్టిన గుల్లలు గీకి, లోపల పగుళ్లున్నాయేమో చూడటం ఆ రోజు పని. వీపున ఉన్న సిలిండర్లో గాలి నలభై నిమిషాలకి సరిపోతుంది. అతని బుడగలు స్తంభం పక్కన ఒక్కొక్కటే పైకి వచ్చి, చప్పుడు లేకుండా పగిలిపోతున్నాయి.

అతుకుల పిల్ల లాంచీ మునిగిన రోజు నుంచి మళ్లీ పడవ ఎక్కలేదు. పనికి బస్సులో చుట్టూ తిరిగి పోతోంది. అరగంట దారి గంటన్నర అయింది. అయినా సరే, కాళ్ల కింద నేల ఉంటే చాలనుకుంది. ఇప్పుడు ఆ కాళ్లే తగువులాడుకుంటున్నాయి. రాయి మీది కాలు రానంటుంది, పడవలో కాలు వెనక్కి పోతానంటుంది. అక్క ఒక నిమిషం చూసింది, రెండు నిమిషాలు చూసింది. చివరికి పడవెక్కడానికి కూడా ముహూర్తం పెట్టించాలా అని అడిగింది. ఆ వెటకారానికి కోపం వచ్చి ఎక్కేసింది మన పిల్ల. ధైర్యం చేయలేని పని రోషం చేస్తుంది కొన్నిసార్లు.

కూర్చున్నాక అక్క పాఠం మొదలుపెట్టింది. పాఠం ఎంతో లేదు. కింద నుంచి ఒకసారి లాగితే బాగానే ఉన్నానని. రెండుసార్లు లాగితే తాడు వదులు చేయమని. మూడుసార్లు లాగితే పైకి వస్తున్నాను, చుట్టుకోమని. పైనుంచి మనం ఒకసారి లాగితే బాగున్నావా అని అడిగినట్టు. అంతే, అంతకు మించి భాష లేదు. ఈ నాలుగు ముక్కలతోనే అక్కాతమ్ముళ్లం ఇరవై రెండేళ్లు నెట్టుకొచ్చామనీ, మొగుడూ పెళ్లాలు కూడా ఇంతే మాట్లాడుకుంటే లోకంలో సగం గొడవలు ఉండవనీ అక్క అంది. అతుకుల పిల్లకి నవ్వు వచ్చింది. మంచులో ఆ నవ్వు ఎవరిదోలా వినపడింది.

తర్వాత అక్క గొంతు మారింది. అన్నిటికన్నా పెద్ద మాట ఒకటుందనీ, రేవు షెడ్డు గోడ మీద ఈ గుర్తులతో పాటు రాయకపోయినా అది ముందు నేర్చుకోవాలనీ చెప్పింది. మనిషి కింద ఉన్నంతసేపూ తాడు చేతిలోంచి పోకూడదు. దాహం వేసినా, దోమ కుట్టినా, ఒడ్డున కొంపలంటుకున్నా సరే.

"గుంజకి కట్టేది గొడ్డుని," అంది అక్క. "మనిషిని చేత్తో పట్టుకోవాలి. గుంజ తాడుని జారనివ్వదు, నిజమే. కానీ అది వినదు."

ఆ మాట అంటున్నప్పుడు అక్క చూపు ఒడ్డునున్న రాతి గుంజ మీదికి పోయి వెంటనే తిరిగి వచ్చింది. అతుకుల పిల్ల అది చూసింది గానీ పట్టించుకోలేదు. అప్పటికి ఆమె దృష్టంతా వేరే దాని మీద ఉంది. అక్క ఒక చేత్తో తాడు పట్టుకుని, ఆ చేతి వేళ్లలోనే ఫ్లాస్కు మూత ఇరికించి, ఇంకో చేత్తో టీ పోసుకుంటోంది. మూత నిండి, వేడి టీ పొర్లి, తాడు పట్టుకున్న చేతి వేళ్ల మీదుగా కారుతోంది. పొగలు వస్తున్నాయి. అక్క ఉలకలేదు, పలకలేదు, చెయ్యి తీయలేదు. ఆమెకి తెలియనే లేదు.

అతుకుల పిల్ల తన భుజం మీది తుండుగుడ్డతో ఆ చెయ్యి తుడిచింది. అప్పుడు చూసుకుంది అక్క, ఎర్రబడిన వేళ్లని. చూసుకుని, దొంగతనం బయటపడినట్టు ఒక చిన్న నవ్వు నవ్వింది. చిటికెన వేలూ ఉంగరం వేలూ ఎండాకాలంలోనే మొద్దుబారాయట. ఇప్పుడు మధ్యవేలు కూడా వాటి దారే పట్టిందట. తమ్ముడు ఒకసారి లాగాడో రెండుసార్లు లాగాడో చేతికి తెలియడం లేదు. కళ్లతో తాడుని చూసి లెక్కపెట్టుకుంటూ నాలుగు నెలలుగా నెట్టుకొస్తోంది. ఎండ ఉంటే పర్వాలేదు. ఇవాళ్టిలా మంచు పడితే గుండె నోట్లోకి వస్తోందంది. వాడికి చెబితే నన్ను ఇంట్లో కూర్చోబెడతాడు, తాడు ఎవడో కూలివాడి చేతిలో పెడతాడు, ఆ కూలివాడు బీడీ వెలిగించుకోవడానికి గుంజ వెతుక్కుంటాడు. అందుకని, ఎలాగూ ఇంటికి వచ్చేదానివి నువ్వే కదా అని పిలిచానంది.

అలా ఆ తాడు ఇరవై రెండేళ్ల తర్వాత మొదటిసారి చేతులు మారింది.

అతుకుల పిల్ల అంతకుముందు ఎన్నో తాళ్లు పట్టుకుంది. టార్పాలిన్లకి కుట్టేవి, గుడారాలకి దూర్చేవి. ఇది వేరు. తడిసి, చల్లగా, బతికున్నదానిలా ఉంది. కింద అతను తిరిగితే అరచేతిలో తెలుస్తోంది. చెయ్యి చాపితే తెలుస్తోంది. ఊపిరి పీల్చినప్పుడు నడుము కొంచెం ఉబ్బి, వదిలినప్పుడు తగ్గుతుంది కదా, అది కూడా తెలుస్తోందని ఆమెకి అనిపించింది. నిజంగా తెలుస్తుందా అంటే తెలియదు, ప్రేమలో ఉన్న పిల్ల, ఏదైనా తెలుస్తుంది. చుట్టూ తెల్లటి మంచు. పడవ మెల్లగా ఊగుతోంది. ఆమె కళ్లు సగం మూతలు పడ్డాయి. నన్ను నీళ్లలోంచి తెచ్చినవాడు ఇప్పుడు నా చేతిలో ఉన్నాడు అనుకుంది. కడుపు నిండిపోయింది ఆ ఒక్క మాటకి.

కింద నుంచి తాడు ఒక్కసారి కదిలింది. బాగానే ఉన్నాను.

"వచ్చింది," అంది ఆమె, పసిపిల్ల తొలి అడుగు వేస్తే తల్లి అన్నట్టు. అక్క తలూపింది. మొహం పక్కకి తిప్పుకుంది.

అంతలో మంచులోంచి పొద్దుటి లాంచీ ఒకటి వచ్చింది. కనపడకముందే వినపడింది. దూరం నుంచే పోయింది గానీ దాని అల వచ్చి పడవని కింది నుంచి ఎత్తి కుదేసింది. అతుకుల పిల్లకి ఒళ్లంతా బిగుసుకుపోయింది. తాడు వదల్లేదు, కానీ ఊపిరి ఆగిపోయింది. కళ్ల ముందు మళ్లీ ఆ పచ్చటి నీళ్లు, తిరగబడిన బల్లలు. అక్క చప్పున ఆమె మణికట్టు పట్టుకుంది. చూపు మాత్రం బుడగల మీదే ఉంది. ఈ లాంచీలవాళ్లకి ఒళ్లు తెలియదనీ, ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టేననీ తిడుతూనే ఉంది. తిడుతూనే, తనకి తెలియకుండానే, బొటనవేలితో ఆ మణికట్టుని నొక్కింది. మూడుసార్లు చిన్నగా. ఒకసారి గట్టిగా, నిదానంగా. మళ్లీ మూడుసార్లు చిన్నగా. మళ్లీ ఒకసారి గట్టిగా.

అతుకుల పిల్లకి ఊపిరి తిరిగి వచ్చింది. కానీ వచ్చింది మాత్రం పదకొండు నెలల కిందటి ఊపిరి.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మనకి కూడా ఇన్ని వారాలుగా చెప్పలేదు, గడుసు పిల్ల. ఆ సాయంత్రం లాంచీ లోపల బల్ల కింద కాలు ఇరుక్కుంది. కిటికీలోంచి చెయ్యి బయటికి పోయింది, ఎవరి కోసమని కాదు, దానంతట అదే పోయింది. నీళ్లు ముందు పచ్చగా ఉన్నాయి, తర్వాత నల్లగా అయ్యాయి. చివరికి భయం కూడా ఎటో వెళ్లిపోయి, నిద్ర వస్తున్నట్టు హాయిగా అనిపించింది. అప్పుడు ఎవరో మణికట్టు పట్టుకున్నారు. వెంటనే లాగలేదు. ముందు నొక్కారు. మూడు చిన్నవి, ఒక పెద్దది. ఉన్నాను, ఉన్నాను అన్నట్టు. ఆ నొక్కుడుకే ఆమె మళ్లీ బతకాలనుకుంది. కాలు గింజుకుంది. ఆ తర్వాత ఏమైందో గుర్తు లేదు. కళ్లు తెరిచేసరికి అతని చేతుల మీద, ఆకాశం కింద ఉంది.

మనల్ని కాపాడిన చెయ్యి మీద మనసు పడటం వింతేం కాదు. మనకోసం ఎవరైనా ఒక్కసారి అపాయానికి అడ్డం నిలబడితే చాలు, వాళ్ల వంకర ముక్కు కూడా ముద్దొస్తుంది. అయితే ఆమె మనసు పడింది ముక్కు మీద కాదు, ఫోటో మీద కాదు, ఆ నొక్కుడు మీద. ఈ పదకొండు నెలల్లో అతను ఆమె చెయ్యి చాలాసార్లు పట్టుకున్నాడు. రోడ్డు దాటేటప్పుడు, బస్సు ఎక్కించేటప్పుడు, ఆమె నాన్నకి ఒంట్లో బాగుండక ఆస్పత్రిలో కూర్చున్న రోజు. పట్టుకున్న ప్రతిసారీ ఆమె ఎదురుచూసింది. అతను ఒక్కసారి కూడా అలా నొక్కలేదు. అడిగితే తేలిపోయేది. అడిగి తెప్పించుకుంటే దానికి విలువేముందని బింకానికి పోయింది. మగవాళ్లకి వాళ్ల చేతులేం చేస్తాయో వాళ్లకే గుర్తుండదులే అని సరిపెట్టుకుంది. రేవులో ఎవరైనా అతన్ని పొగిడితే అతను ఔననేవాడు కాదు, కాదనేవాడూ కాదు, నీళ్లకేసి చూసేవాడు. దాన్ని వినయం అనుకుని ఇంకొంచెం ఎక్కువ ప్రేమించింది.

ఇప్పుడు ఆ నొక్కుడు మణికట్టు మీద పచ్చిగా ఉంది.

"వదినా," అంది. "ఆ రోజు నీళ్లలో నా చెయ్యి పట్టుకుంది మీరు."

అక్క తిట్టడం ఆపింది. చెయ్యి తీసేసింది. మంచు తలకెక్కిందా ఏమిటి అంది. తనకి ఈతే రాదనీ, కావాలంటే రేవులో ఎవర్ని అడిగినా చెబుతారనీ, చెంబెడు నీళ్లలో కూడా మునిగిపోయే మనిషిననీ నవ్వబోయింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. అతుకుల పిల్ల నవ్వలేదు మరి. తాడు వదలకుండానే రెండు చేతులూ దగ్గరికి తెచ్చి, ఒక చేతి బొటనవేలితో రెండో చేతి మణికట్టు మీద నొక్కి చూపించింది. మూడు చిన్నవి, ఒక పెద్దది.

అక్క తన చెయ్యి కేసి చూసుకుంది. ఇన్నాళ్లూ తన వెనకాల అది ఏం చేస్తోందో అప్పుడే తెలిసినట్టు చూసుకుంది. వాడు చిన్నప్పుడు చీకటికి జడుసుకుంటే అలా నొక్కేదాన్ని అని గొణిగింది. బుడగలు వస్తున్నాయి, పగిలిపోతున్నాయి.

చివరికి చెప్పింది. ఆ సాయంత్రం తమ్ముడు ఇదే స్తంభం కింద పనిలో ఉన్నాడు. తాను ఆ రోజు పడవలో కాక మెట్ల మీద కూర్చుని తాడు పట్టుకుంది. లాంచీ ఒరిగింది. జనమంతా ముందువైపు పడ్డారు, చిన్న పడవలన్నీ అటే పోయాయి. వెనకవైపు, షెడ్డు చాటున, కిటికీ ఒక్కటి ఇంకా నీళ్ల పైన ఉంది. తాడుతో తమ్ముణ్ణి పైకి లాగితే వాడు వచ్చేసరికి మూడు నిమిషాలు. అన్ని నిమిషాలు లేవు.

తాడుని గుంజకి రెండు చుట్లు చుట్టి ముడేసిందట. మిగిలిన కొసని తన నడుముకి కట్టుకుందట. ఒకే తాడుకి ఒక కొసన తమ్ముడు, ఒక కొసన తాను, మధ్యలో గుంజ. ఈత రాదు కాబట్టి లాంచీ కమ్మీలు పట్టుకుని, చీకట్లో గోడ పట్టుకుని నడిచినట్టు, నీళ్లలోకి దిగిందట. తీసుకొచ్చి మెట్ల మీద పడేసి, పరుగున పోయి గుంజ దగ్గర ముడి విప్పుతుంటే తమ్ముడు పైకి వచ్చేశాడు. మెట్ల మీద పడున్న పిల్లని చూసి ఎత్తుకున్నాడు. జనం అప్పుడు ఇటు తిరిగారు.

ఏడు నిమిషాలు తాడు గుంజకి ఉంది. ఆ లెక్క అక్కకి నోటికి వచ్చు.

"వాడు ఏం నమ్ముకుని దిగుతాడనుకున్నావే రోజూ," అంది. "ఆ సిలిండర్నా? నా చేతిని. ఆ చెయ్యి ఏడు నిమిషాలు లేదని తెలిస్తే రేపు దిగుతాడా? దిగినా కుదురుగా ఊపిరి తీసుకుంటాడా? జనం వాడే తీశాడన్నారు. అనుకోనీ అనుకున్నా. వాడికి పేరొచ్చింది, నా తప్పు మునిగిపోయింది."

"నేనెవరో కూడా మీకు తెలీదు అప్పుడు."

"తెలీదు."

"మరి సొంత తమ్ముణ్ణి గుంజకి కట్టేసి నాకోసం ఎందుకు దిగారు?"

అక్క చాలా విసుగ్గా చూసింది. ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

"కిటికీలోంచి నీ చెయ్యి కనపడింది. చెయ్యి కనపడితే పట్టుకోవడం తప్ప నాకింకేం వచ్చు?"

అతుకుల పిల్లకి కళ్ల నీళ్లు ధారగా కారాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. మొహం భుజానికి రాసుకుంది. తాడు మాత్రం వదల్లేదు. అది చూసి అక్క కళ్లలో ఒక చిన్న మెచ్చుకోలు మెరిసి పోయింది. ఎంతైనా గురువు కదా.

ఏడుపు ఎందుకో ఆమెకే సరిగ్గా తెలియలేదు. కృతజ్ఞతా, కోపమా, సిగ్గా, మూడూ కలిపి ఎవరో కలియబెట్టారు. పదకొండు నెలలుగా ఒకరి చేతిని ఇంకొకరి చేతిలో వెతుక్కుంది. ఇరుగుపొరుగువాళ్లు గజఈతగాడి పెళ్లాం కాబోతోందని కుళ్లుకుంటుంటే లోపల్లోపల మురిసింది. రేవు మెట్ల మీద కూర్చుని తాడు చుట్టుకునే ఈ లావుపాటి మనిషిని ఎవరు చూశారు? తానే చూడలేదు. వచ్చినప్పుడల్లా పక్కకి జరగమన్నట్టు నవ్వి, అతనికోసం మెడ చాచి చూసేది. ఆ ఆఫీసు గోడ మీద ఫోటోలో కూడా ఒక మూల, మసగ్గా, తడిసిన మోకాళ్లు రెండు కనపడతాయి. అవెవరివో ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు.

తాను పెళ్లి చేసుకోబోయింది ఆ చేతి కోసమని అక్కతో చెప్పేసింది. ఇప్పుడు ఆ చెయ్యి అతనిది కాదంటే తన దగ్గర ఏం మిగిలిందో తెలియడం లేదంది. అక్క మొదట దాన్ని వెటకారంలోకి దించబోయింది. అయితే నన్నే చేసుకో, నాకూ వండిపెట్టేవాళ్లు లేరు అంది. పిల్ల మొహం చూసి ఆ వెటకారాన్ని మింగేసింది. పెళ్లి చేసుకో, మానేయ్, అది నీ ఇష్టం, వాడితో ఈ మాట మాత్రం అనొద్దు అంది. మాట ఇవ్వమంది. మొద్దుబారిన వేళ్లతో గడ్డం పట్టుకుని బతిమాలింది. ఎప్పుడూ ఎవరినీ బతిమాలి ఎరగని మనిషి కాబట్టి ఆ బతిమాలడం కూడా తిట్టినట్టే ఉంది.

అతుకుల పిల్ల మాట ఇవ్వలేదు. ఇవ్వడానికి నోరు తెరిచిందో, ఇవ్వనని చెప్పడానికి తెరిచిందో, అంతలోనే చేతిలో తాడు కదిలింది.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

ఆమె ఆగింది. ఇంకా వస్తుందేమోనని చూసింది. రాలేదు.

"వదినా, నాలుగుసార్లు లాగాడు. నాలుగు మీరు చెప్పలేదు."

అక్క మొహంలో రక్తం లేదు. నాలుగు గోడ మీద రాసింది కాదు. తమ్ముడికి పన్నెండేళ్లప్పుడు, తొలిసారి నడుముకి తాడు కట్టి నీళ్లలోకి దింపినప్పుడు, వాడికి లోపల భయం వేస్తే అడిగేవాడు. నువ్వేనా అని. అక్క తిరిగి నాలుగుసార్లు లాగేది, నేనే అని. ఏడాది తిరిగేసరికి వాడి భయం పోయింది, ఆ అడగడమూ పోయింది. ఇరవై ఏళ్ల పైమాట. ఇవాళ తాడు పై కొసన కొత్త చెయ్యి ఉందని కిందున్న వాడికి తెలిసిపోయింది.

అక్క చప్పున తాడు కోసం చెయ్యి చాపింది. నేనే అని చెబితే చాలు, అంతా సర్దుకుంటుంది. అతుకుల పిల్ల తాడుని ఒళ్లోకి లాక్కుంది.

"పట్టుకుంది నేను. మీరు జవాబిస్తే అది ఇంకో అబద్ధమవుతుంది."

"మరి కాదని చెప్పడానికి గుర్తు లేదే," అంది అక్క. "పెట్టుకోలేదు. అవసరం వస్తుందనుకోలేదు."

కింద ఒక మనిషి జవాబు కోసం ఆగి ఉన్నాడు. బుడగలు కూడా తగ్గినట్టున్నాయి. మంచు పల్చబడి, మూడో స్తంభం మొత్తం బయటికి వచ్చింది. అతుకుల పిల్ల తాడు మీద బొటనవేలు ఆనించింది. ఆమెకి వచ్చిన భాష ఒక్కటే. మూడుసార్లు చిన్నగా లాగింది. ఒకసారి గట్టిగా, నిదానంగా.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత కింద నుంచి మూడు వచ్చాయి. పైకి వస్తున్నాను.

ఆమె తాడు చుట్టుకుంటూ పోయింది. బుడగలు పడవ దగ్గరికి జరిగాయి. నీళ్లు చీల్చుకుని తల పైకి వచ్చింది. అతను రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని, మాస్కు నుదుటి మీదికి తోశాడు. తాడు ఎవరి చేతుల్లో ఉందో చూశాడు. ఆశ్చర్యపోలేదు. చిన్నప్పటి ఆ నొక్కుడు ఈ పిల్లకి ఎక్కడ తెలిసిందో అతనికి అర్థమైపోయింది. అక్క కేసి తిరిగాడు.

"ఆ రోజు కూడా నాలుగుసార్లు లాగానక్కా," అన్నాడు. "రెండు మాట్లు అడిగా. తాడు బిగుసుకునే ఉంది, జవాబు లేదు."

అక్క ఒడ్డునున్న గుంజ కేసి చూసింది.

తక్కిన మాటలు అతను నీళ్లకేసి చూస్తూ, ఊపిరి తీసుకునే సందుల్లో చెప్పాడు. అక్కకి ఏమైందోనని పైకి వచ్చాడు. పైన అక్క తడిబట్టలతో గుంజకున్న ముడి విప్పుతోంది. మెట్ల మీద ఈ పిల్ల ఉంది. సంగతి అంతా ఆ క్షణమే అర్థమైంది. చూశానని తెలిస్తే అక్క జన్మలో మళ్లీ తాడు ముట్టుకోదు. అందుకని చూడనట్టు పిల్లని ఎత్తుకుని మెట్లెక్కేశాడు. ఫోటో అప్పుడే తీశారు.

"తెలిసీ మర్నాడు ఎలా దిగావురా?" అంది అక్క. అది అడగడానికి ఆమెకి పదకొండు నెలలు పట్టింది.

"కట్టేసి పోయినా తిరిగొచ్చావు కదా," అన్నాడు.

అక్క చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని ఒడ్డు వైపు తిరిగి కూర్చుంది. ఆమె వీపు కదులుతోంది.

అప్పుడు అతను అతుకుల పిల్ల వైపు తిరిగాడు. ఈ పదకొండు నెలల్లో ఆమె కళ్లలోకి అతను అంతసేపు చూడటం అదే మొదలు.

"నిన్ను తీసింది నేను కాదు," అన్నాడు. "చెప్పకుండా దాచింది మాత్రం నేనే. ముందు అక్క కోసం దాచా. తర్వాత నాకోసమే దాచా. నువ్వు నన్ను చూసే చూపు పోతుందేమోనని." నడుముకున్న తాడు ముడి సరిచూసుకున్నాడు. "మధ్యాహ్నం మళ్లీ దిగాలి. తాడు ఎవరు పడతారు?"

ఎండ పడవ మీదికి వచ్చింది. తడి తాడు మీంచి సన్నగా ఆవిరి లేచింది. అతుకుల పిల్ల తన అరచేతులు చూసుకుంది. తాడు వరుసలు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి.

"నేను పడతా," అంది. "గుంజకి కట్టను. పెళ్లి సంగతి మాత్రం ఇప్పుడడక్కు. దానికి నా దగ్గర ఇంకా గుర్తు లేదు."

అతను తలూపాడు. మాస్కు కళ్ల మీదికి దించుకున్నాడు. గుల్లలు గీకే పార స్తంభం దగ్గరే వదిలేశాడు, తెచ్చుకోవాలి. సిలిండర్లో గాలి ఇంకా పది నిమిషాలుంది. పడవ అంచు వదిలి, అలికిడి లేకుండా కిందికి పోయాడు. తాడు ఆమె వేళ్ల మధ్య నుంచి జారుతూ పోయి, పోయి, ఆగింది. ఆమె ఒకసారి లాగి అడిగింది.

ఆలస్యంగా, ఒకే ఒక్కసారి, తాడు కదిలింది. బాగానే ఉన్నాను.

అది నిజమో అబద్ధమో చెప్పేంత విద్య ఆమె వేళ్లకి ఇంకా రాలేదు.